ఏ రిజెక్షనో కూడా రాయండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో పంది కిడ్నీల మీద రెండు పేజీల కథనం వేశారు. శ్రద్ధగా రాశారు. బొమ్మలు కూడా బాగున్నాయి. కానీ రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'జన్యువులు మార్చిన పంది అవయవాన్ని మనిషి శరీరం ఇక తిరస్కరించదు' అని ఉంది. ఈ వాక్యం తప్పు. మామూలు తప్పయితే ఉత్తరం రాసేదాన్ని కాదు.

సోమవారం పొద్దున్నే నాకొక ఫోన్ వచ్చింది. నేను టిష్యూ టైపింగ్ ల్యాబ్‌లో 31 ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. కిడ్నీ ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ కుదురుతుందో లేదో చూడటం మా పని. అప్పట్లో మా ల్యాబ్‌కు తిరిగిన కుటుంబాల్లో కొందరి దగ్గర నా నంబరు ఇంకా ఉంది. ఫోన్ చేసినామె అక్కకు డయాలసిస్ నడుస్తోంది. తమ్ముడు కిడ్నీ ఇస్తానన్నాడు. వచ్చే వారం క్రాస్‌మ్యాచ్, అంటే తమ్ముడి కిడ్నీ అక్కకు కుదురుతుందో లేదో చూసే పరీక్ష. "మేడమ్, పేపర్ చూశారా? పందివి వచ్చేస్తున్నాయంట కదా. ఇప్పుడవి మన ఒంటికి పడతాయంట. మా తమ్ముడికి చిన్న పిల్లలండీ. కొన్నాళ్లు ఆగితే వాడు ఇవ్వక్కర్లేదేమో?" అని అడిగింది. ఆమె గొంతులో ఊరట వినిపించింది. అది మీ వాక్యం చదివి వచ్చిన ఊరటే.

ఆమెకు ఏం చెప్పానో చివర్లో రాస్తాను. ముందు రిజెక్షన్ గురించి నాలుగు మాటలు. మీరు 'తిరస్కరణ' అని రాశారు. ల్యాబ్‌లో ఆ మాట ఎవరూ అనరు కాబట్టి నేను రిజెక్షన్ అనే రాస్తాను.

మా పని ఎలా ఉండేదో చెబితే తప్ప నేను చెప్పబోయేది అర్థం కాదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ట్రే. దానికి 60 బుల్లి గుంతలు. ఒక్కో గుంతలో నూనె చుక్క కింద రోగి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. దానికి అంతే కొలతలో దాత రక్తంలోంచి తీసిన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కలుపుతాం. అరగంట ఆగుతాం. తర్వాత కుందేలు సీరం వేస్తాం. ఇంకో గంట. ఆపైన ఇయోసిన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతాం. బతికున్న కణం చిన్నగా, గుండ్రంగా మెరుస్తూ కనిపిస్తుంది. చచ్చిన కణం రంగు పీల్చుకుని, ఉబ్బి, నల్లగా చదునుగా పడి ఉంటుంది. ఎన్ని చచ్చాయో చూసి అంకె వేస్తాం. 1 వస్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం. 8 వచ్చిందంటే నూటికి ఎనభైకి పైగా కణాలు చచ్చాయన్నమాట. ఆ దాత కిడ్నీని ఆ రోగికి పెట్టరు.

ఈ పద్ధతి టెరసాకి అనే శాస్త్రవేత్త 1964లో తెచ్చింది. 1969లో ఆయనా, పటేల్ అనే ఆయనా కలిసి ఒక లెక్క ప్రచురించారు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చినా, అంటే ట్రేలో కణాలు చచ్చినా, ఆపరేషన్ చేసిన 30 మందిలో 24 మందికి కొత్త కిడ్నీ వెంటనే చెడిపోయింది. నెగెటివ్ వచ్చిన 195 మందిలో అలా అయింది 8 మందికే. కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియన్‌కీ మేం మొదట చెప్పేది ఈ అంకెలే. చేతిలో ఉన్నది ఒక మైక్రోలీటరే అయినా అవతల ఒక మనిషి ఉన్నాడని గుర్తుండాలి కదా.

ఇక కుందేలు సంగతి. మనిషికీ మనిషికీ పరీక్ష చేస్తూ మధ్యలో కుందేలు సీరం ఎందుకని నేను కూడా చేరిన కొత్తలో అడిగాను. పరాయిదాన్ని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్ యాంటీబాడీ. అది వెళ్లి కణాన్ని పట్టుకుంటుంది గానీ దాన్ని చంపేది వేరే. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల గుంపు ఒకటి ఉంటుంది. యాంటీబాడీ ఎక్కడ అతుక్కుందో చూసి ఒకదాని వెనక ఒకటిగా వచ్చి చేరి, చివరికి కణం పొరకు చిల్లు పెడతాయి. ట్రేలో కుందేలు సీరం వేసేది ఈ కాంప్లిమెంట్ కోసమే. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే కాంప్లిమెంట్ పనైపోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగులుతాయి. అందుకే కుందేలు సీరాన్ని మైనస్ 70లో దాచి, వాడే ముందు ఐసు మీదే కరిగించేవాళ్లం. కాస్త ఏమరితే ఆ రోజు పరీక్ష వృథా.

మనిషి కాంప్లిమెంటే వాడొచ్చుగా అంటే, మనిషి కణాలు దానికి అంత తేలిగ్గా లొంగవు. మన ప్రతి కణం మీదా కాపలా ప్రొటీన్లు ఉంటాయి. సీడీ46, సీడీ55, సీడీ59 అని వాటి పేర్లు. మన కాంప్లిమెంట్ పొరపాటున మన కణం మీదికే వస్తే ఆపేస్తాయి. కుందేలు కాంప్లిమెంట్‌ను అవి అంత బాగా ఆపలేవు. పైగా కుందేలు సీరంలో మనిషి కణాలకు వ్యతిరేకంగా దానికి సహజంగానే ఉన్న యాంటీబాడీలు కొన్ని ఉంటాయి, అవీ ఒక చెయ్యి వేస్తాయి. అందుకే కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ముందు దాన్ని పరీక్షించేవాళ్లం. కొన్ని బ్యాచ్‌లైతే రోగి సీరం లేకుండానే ట్రే మొత్తం నల్లగా చేసేవి. వాటిని పక్కన పడేసేవాళ్లం.

జాతి మారితే ఏమవుతుందో ఆ పక్కన పడేసిన బ్యాచ్‌లలోనే ఉంది. మనిషికి పంది కిడ్నీ పెట్టినప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే తిరగేసి. ఇక్కడ చంపేది మన సీరం, చచ్చేవి పంది కణాలు. పంది కణాల మీదా కాపలా ప్రొటీన్లు ఉన్నాయి, కానీ మనిషి కాంప్లిమెంట్ దాడి మొత్తాన్ని ఆపడం వాటికి చేతకాదు. దాన్ని రప్పించే యాంటీబాడీలు మన ఒంట్లో ముందే సిద్ధంగా ఉంటాయి. పంది రక్తనాళాల లోపలి పొర మీద ఆల్ఫా గాల్ అనే చక్కెర ఉంటుంది. చాలా పాలిచ్చే జంతువుల్లో ఉంటుంది గానీ మనలో, చింపాంజీల్లాంటి తోకలేని కోతుల్లో, ఆఫ్రికా, ఆసియా కోతుల్లో లేదు. దాన్ని తయారుచేసే జన్యువు మన పూర్వీకుల్లోనే పాడైపోయింది. అలాంటి చక్కెరే మన పేగుల్లోని బ్యాక్టీరియా మీద ఉంటుంది. పసితనంలోనే దాన్ని చూసి ఒళ్లు యాంటీబాడీలు చేసుకుంటుంది. ఓ గ్రూపు వాళ్ల రక్తంలో ఏ, బి గ్రూపులకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉండటానికీ కారణం ఇలాంటిదే. మన రక్తంలోని యాంటీబాడీల్లో సుమారు నూటికి ఒకటి ఈ గాల్ మీద కోపంతోనే తిరుగుతుంటుందని అంచనా.

కాబట్టి మామూలు పంది కిడ్నీని మనిషికి కలిపి రక్తం వదిలితే నిమిషాల్లోనో గంటల్లోనో అది నల్లబడిపోతుంది. యాంటీబాడీ, కాంప్లిమెంట్, నాళాల పొర చిరగడం, రక్తం గడ్డకట్టడం, అంతా ఒక్క ఊపులో. దీన్ని హైపర్ అక్యూట్ రిజెక్షన్ అంటారు. మీ వాక్యం దీని గురించైతే చాలావరకు నిజమే. 2002, 2003ల్లో గాల్ లేని పందులు పుట్టాయి. తర్వాత ఇంకో రెండు చక్కెరల జన్యువులనూ తీసేశారు. మనిషి కాపలా ప్రొటీన్లను పంది కణాల మీద పెట్టారు. ఈ మొదటి గండం దాదాపు గట్టెక్కింది, దానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ రిజెక్షన్ అంటే ఇదొక్కటే అని మీ విలేఖరి అనుకున్నారు.

ఇక్కడ మా ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒకావిడకు ఆమె భర్తే కిడ్నీ ఇస్తానని వచ్చాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. ఆయన ఆరోగ్యం బాగుంది. అంతా బాగుందనుకుని క్రాస్‌మ్యాచ్ పెట్టాను. మైక్రోస్కోపులో చూస్తే ట్రే అంతా నలుపు. 8. నా చెయ్యి మీద నమ్మకం లేక మళ్లీ చేశాను, మళ్లీ 8. డాక్టరు గారు చెప్పాక ఆయన నేరుగా ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చాడు. "ఇరవై రెండేళ్లు కలిసి కాపురం చేశామండీ. నా కిడ్నీ ఆమెకెందుకు పడదు?" అన్నాడు. ఏం చెప్పను? కాపురం చేయబట్టే పడలేదని చెప్పాలి. ఆమె ఆయన బిడ్డలు ముగ్గుర్ని మోసింది. బిడ్డ కణాల మీద సగం తండ్రి గుర్తులు, హెచ్‌ఎల్‌ఏ అంటాం, ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పప్పుడు ఆ కణాలు తల్లి రక్తంలో కలుస్తాయి. కొందరి ఒళ్లు వాటికి యాంటీబాడీలు చేసి పెట్టుకుంటుంది. బిడ్డలకేమీ కాలేదు. ఏళ్ల తర్వాత భర్త కిడ్నీ దగ్గర మాత్రం అవి అడ్డొచ్చాయి. ఆయనకు ఇదంతా వివరించలేక, ఇది మీ తప్పూ కాదు, ఆమె తప్పూ కాదని మాత్రం చెప్పి పంపించాను. ఆయన తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాడు.

ఇదెందుకు చెప్పానంటే, పంది కిడ్నీ కోసం ఆశగా ఎదురుచూసేది ముఖ్యంగా ఇలాంటివాళ్లే. ఒంట్లో హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు ఎక్కువై ఏ మనిషి కిడ్నీ కుదరనివాళ్లు. పందికీ ఇలాంటి గుర్తులే ఉన్నాయి, వాటిని ఎస్‌ఎల్‌ఏ అంటారు. మనిషి హెచ్‌ఎల్‌ఏ మీద పుట్టిన యాంటీబాడీల్లో కొన్ని పంది ఎస్‌ఎల్‌ఏనీ పట్టుకుంటాయి. అందరిలోనూ కాదు, కొందరిలో. చక్కెరలన్నీ తీసేసినా వీళ్లకు పంది కణాలతో కూడా క్రాస్‌మ్యాచ్ చేయాల్సిందే. మీ కథనంలో ఈ ఊసే లేదు.

గాల్ గండం దాటాక ఇంకేం మిగిలాయంటారా? కొన్ని రోజులకో వారాలకో కొత్తగా తయారైన యాంటీబాడీలు వచ్చి పడొచ్చు. పరాయి కణాల మీద దాడి చేసే టీ కణాలనే తెల్ల రక్తకణాలు నేరుగా వచ్చి కిడ్నీలో దూరొచ్చు. మాక్రోఫేజులనే కణాలున్నాయి, దొరికినదాన్ని మింగేవి. మన కణాల మీద సీడీ47 అనే గుర్తు చూసి 'ఇది మనదే' అని వదిలేస్తాయి. పంది సీడీ47 వాటికి సరిగా అర్థం కాదు. ఇక రక్తం గడ్డకట్టే గొడవ. నాళాల పొర మీద త్రాంబోమాడ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూస్తుంది. పంది త్రాంబోమాడ్యులిన్‌కు మనిషి రక్తంతో సరిగా పొసగదు. రోగనిరోధక శక్తి ఏమీ చేయకపోయినా సన్ననాళాల్లో గడ్డలు రావచ్చు. 2022లో డేవిడ్ బెన్నెట్‌కు పెట్టిన పంది గుండెలో పది జన్యువులు మార్చారని మీరే రాశారు. ఆ పదింటిలో మనిషి సీడీ46, సీడీ55, సీడీ47, త్రాంబోమాడ్యులిన్ ఉన్నాయి. అంటే ఒక్కో గుమ్మానికి ఒక్కో తాళం. ఒక్క తాళంతో తీరేదైతే పది ఎందుకు వేస్తారు?

ఇప్పుడు మీ కథనంలో నాకు బాగా కోపం తెప్పించిన చోటుకు వస్తాను. కింద పెట్టెలో అయిదుగురి పేర్లు, ఎన్ని రోజులు బతికారో, అవయవం ఎన్ని రోజులు నిలిచిందో వేసి, పైన 'రిజెక్షన్‌తో ముగిసిన ప్రయోగాలు' అని శీర్షిక పెట్టారు. ఒక్కొక్కటే చూడండి.

డేవిడ్ బెన్నెట్. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2022 జనవరి 7న పంది గుండె పెట్టారు. రెండు నెలలకు చనిపోయారు. పోస్టుమార్టంలో మామూలుగా రిజెక్షన్‌లో కనిపించే గుర్తులు లేవు. గుండె బిగుసుకుపోయింది. పంది గుండెతో పాటు పంది సైటోమెగాలోవైరస్ లోపలికొచ్చిందని తేలింది. ఆ గుండె చెడటంలో దాని చెయ్యి ఉండొచ్చని డాక్టర్లు అనుమానించారు. ముందు చేసిన పరీక్షలకు అది దొరకలేదు. జీవితమంతా పరీక్షలు చేసినదాన్ని, ఈ ఒక్క సంగతి చదివి ఆ రాత్రి నిద్రపోలేదు.

లారెన్స్ ఫాసెట్. అక్కడే, 2023 సెప్టెంబరులో. సుమారు ఆరు వారాలు. ఈయన గుండెలో రిజెక్షన్ గుర్తులు కనిపించాయని ఆస్పత్రే చెప్పింది. మీ శీర్షిక ఈయనకు సరిపోతుంది.

రిచర్డ్ స్లేమన్. బోస్టన్‌లో 2024 మార్చి 16న పంది కిడ్నీ పెట్టారు. దానిలో 69 జన్యుమార్పులు. బతికున్న మనిషికి జన్యువులు మార్చిన పంది కిడ్నీ పెట్టడం అదే మొదలు. ఎనిమిదో రోజున టీ కణాల రిజెక్షన్ మొదలైంది. మందులిచ్చి తగ్గించారు. 52వ రోజున ఆయన గుండె హఠాత్తుగా ఆగి చనిపోయారు. అప్పటికి కిడ్నీ పనిచేస్తూనే ఉంది. పోస్టుమార్టంలో రిజెక్షన్ లేదు. ఆయన కథ నిజానికి రిజెక్షన్ వస్తే ఆపగలిగిన కథ. మీరు దాన్ని అటుది ఇటు చేశారు.

లీసా పిసానో. న్యూయార్క్‌లో 2024 ఏప్రిల్‌లో. ఆమె గుండె బలహీనం, ముందు గుండెకు పంపు అమర్చారు, తర్వాత పంది కిడ్నీ. పంపు వల్ల కిడ్నీకి చాలినంత రక్తం అందలేదు. 47 రోజులకు తీసేశారు. బయాప్సీలో రిజెక్షన్ లేదు.

టొవానా లూనీ. న్యూయార్క్‌లో 2024 నవంబరు 25న. 130 రోజులు, అప్పటికి అదే రికార్డు. ఈమె 1999లో తన తల్లికి కిడ్నీ ఇచ్చిన మనిషి. తర్వాత తనకే అవసరమైంది, యాంటీబాడీలు ఎక్కువుండి కుదిరే కిడ్నీ దొరకలేదు. మా ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ ఆ దంపతులు నాకు గుర్తొచ్చింది ఈమె గురించి చదివినప్పుడే. పంది కిడ్నీ బాగానే పనిచేసింది. తర్వాత ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. దాన్ని తగ్గించాలంటే రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గించాలి. తగ్గించారు. రిజెక్షన్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కిడ్నీ తీసేశారు. ఆమె బతికి మళ్లీ డయాలసిస్‌కు వెళ్లారు.

అయిదుగురిలో రిజెక్షన్‌తో ముగిసినవి రెండు. ఆ రెండో దాంట్లో కూడా అసలు చిక్కు మందులది. 'ఇక తిరస్కరించదు' అన్న మీ వాక్యానికి లూనీ కథ ఒక్కటి చాలు జవాబు. ఆమెకు పెట్టిన కిడ్నీలోనూ పది మార్పులున్నాయి. అయినా మందుల మీదే నిలిచింది. మందు తగ్గించేసరికి నిలవలేదు.

ఆ మందుల మాట మీ కథనంలో ఒక్క ముక్క కూడా లేదు. మనిషి కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు టాక్రోలిమస్ లాంటివి వేసుకుంటారు, అది మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు. పంది కిడ్నీకి అవి చాలవని కోతుల మీద ప్రయోగాల్లోనే తెలిసింది. టీ కణాలకూ, యాంటీబాడీలు చేసే బీ కణాలకూ మధ్య సీడీ40, సీడీ154 అనే గుర్తుల ద్వారా జరిగే సంప్రదింపును తెంపే మందులు వాడాల్సి వచ్చింది. స్లేమన్‌కు కాంప్లిమెంట్‌ను ఆపే మందు కూడా ఇచ్చారు. మా ట్రేలో మేం పనిగట్టుకుని పోసేదాన్ని అక్కడ పనిగట్టుకుని ఆపుతున్నారన్నమాట. ఇన్ని మందులు వేసుకున్న ఒళ్లు ఇన్‌ఫెక్షన్లకు తలుపు తీసిపెట్టినట్టే. మందు పెంచితే ఇన్‌ఫెక్షన్, తగ్గిస్తే రిజెక్షన్. మనిషి కిడ్నీ వాళ్లూ ఈ సన్నదారి మీదే నడుస్తారు. పంది కిడ్నీ వాళ్లకు ఆ దారి ఇంకా సన్నం.

మీ విలేఖరి కోతుల మీద సాధించిన రోజులు చెప్పి మనుషుల్లోనూ అంతేనన్నట్టు రాశారు. పంది కిడ్నీతో ఒక కోతి రెండేళ్లు దాటి బతికిన మాట నిజమే, 2023లో ప్రచురించారు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. నేను ఇందాక చెప్పిన మూడు చక్కెరల్లో ఒకటి, న్యూ5జీసీ అనేది, మనలో లేదు, ఆ కోతుల్లో ఉంది. పందిలో దాన్ని తీసేస్తే మనిషికి మేలు. కోతికి మాత్రం ఆ తీసేసిన చోట ఇంకేదో కొత్తది బయటపడి దాని యాంటీబాడీలు రేగుతాయి. మనిషి కోసం చేసిన పందిని కోతిలో పరీక్షిస్తే ఫలితం తేడాగా వస్తుంది. కోతి లెక్క కోతిదే, మనిషి లెక్క మనిషిదే. మేం ప్రతి రోగికీ విడిగా ట్రే పెట్టేదీ ఇందుకే.

పాత కథలు కూడా మీరు ఒకే గాటన కట్టారు. 1906లో ఫ్రాన్స్‌లో జబూలే అనే సర్జను పంది కిడ్నీ ఒకరికీ, మేక కిడ్నీ ఒకరికీ కలిపినప్పుడు అవి చెడటానికి యాంటీబాడీ, చక్కెర కారణమన్న ఆలోచనే లేదు. 1960ల్లో అమెరికాలో రీమ్‌ట్స్‌మా చింపాంజీ కిడ్నీలు పెట్టినవాళ్లలో ఒక యువతి తొమ్మిది నెలలు బతికింది. చింపాంజీకి కూడా గాల్ లేదు కదా, అందుకే గంటల్లో నల్లబడే గండం అక్కడ లేదు. 1984లో బేబీ ఫే అనే పసిపాపకు బబూన్ గుండె పెట్టారు, మూడు వారాలు బతికింది. బబూన్లలో 'ఓ' బ్లడ్ గ్రూపు చాలా అరుదు, పాపది 'ఓ' గ్రూపు. బ్లడ్ గ్రూపు కలవని గుండె పెట్టడం పొరపాటని తర్వాత చెప్పుకున్నారు. మూడు కథలు మూడు రకాలు, మీరు మాత్రం మూడింటికీ 'శరీరం తిరస్కరించింది' అని ఒకే వాక్యం రాశారు.

పంది గుండె కవాటాలు ఎన్నో ఏళ్లుగా మనుషుల్లో పనిచేస్తున్నాయి కదా అని మీ కథనంలో ఒక ప్రశ్న వేసి వదిలేశారు. దానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. ఆ కవాటాలను గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెట్టి, తోలును చేసినట్టు పదును చేస్తారు. అందులో బతికున్న కణం ఉండదు. తోలు చెప్పుకీ, నడిచే కాలికీ ఉన్నంత తేడా.

ఇంతా రాశాక, నేను పంది కిడ్నీలకు వ్యతిరేకినని మీరనుకోవచ్చు. కాదు. 2025 జనవరిలో బోస్టన్‌లోనే టిమ్ ఆండ్రూస్ అనే ఆయనకు పెట్టిన పంది కిడ్నీ 271 రోజులు పనిచేసింది. అన్ని రోజులు ఆయన డయాలసిస్ కుర్చీలో కూర్చోలేదు. ఆ కుర్చీలో వారానికి మూడుసార్లు కూర్చునేవాళ్లను అడగండి 271 రోజులంటే ఏంటో. నేను ల్యాబ్‌లో చేరిన రోజుల్లో ఎవరైనా ఈ మాట చెబితే నవ్వేదాన్ని. అదే ఏడాది అమెరికాలో అధికారికంగా క్లినికల్ ట్రయల్స్‌కు కూడా అనుమతులొచ్చాయి. వాటి ఫలితాలు వచ్చినప్పుడు మీరు మళ్లీ పెద్ద కథనం వేస్తారు, వేయాలి కూడా.

అప్పుడు నేను కోరేది ఇదే. అవయవం పోయిందని రాసేటప్పుడు ఎందుకు పోయిందో అడిగి రాయండి. యాంటీబాడీల వల్లా, టీ కణాల వల్లా, గడ్డకట్టడం వల్లా, ఇన్‌ఫెక్షన్ వల్లా, రక్తం అందకా? ఆస్పత్రులు ఈ సంగతి సాధారణంగా చెబుతూనే ఉన్నాయి, ప్రకటనలో రెండో పేరాలో ఉంటుంది. అవయవం నిలిచిందని రాసేటప్పుడు ఏ మందుల మీద నిలిచిందో రాయండి. నాలుగు నెలల తర్వాత ఆ మనిషి ఎలా ఉన్నారో ఒక చిన్న వార్తైనా వేయండి. ఆపరేషన్ రోజు మొదటి పేజీలో ఫోటో వేసి, కిడ్నీ తీసేసిన రోజు ఏమీ వేయకపోతే ఫోన్ చేసినామెకు తెలిసేదెలా? ఆ 'ఇక తిరస్కరించదు' అన్న వాక్యానికి మాత్రం ఈ ఆదివారమే సవరణ వేయాలి, అదే సైజు అక్షరాల్లో.

ఆమెకు చెప్పింది రాస్తానన్నాను. "పంది కిడ్నీలు ప్రయోగాల్లో ఉన్నాయమ్మా. మీ అక్క వంతు వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పెట్టినా మందులు తప్పవు. తమ్ముడు ఇవ్వాలా వద్దా అన్నది అతనూ, అతని భార్యా, డాక్టరు గారూ కూర్చుని తేల్చుకోవాల్సింది. భయపడుతుంటే ఆ భయమే చెప్పమనండి. పేపర్ని మాత్రం సాకుగా పెట్టుకోవద్దు. ఎటు తేల్చుకున్నా క్రాస్‌మ్యాచ్ మానొద్దు, అది ఒక గొట్టం రక్తం" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరే చూస్తారా మేడమ్, మైక్రోస్కోపులో?" అని అడిగింది. నేను రిటైరయ్యానమ్మా, ఇప్పుడు ఎక్కువగా ఫ్లో సైటోమీటర్ అని మెషీన్ చూస్తుంది, నా కళ్లకంటే అది నయం అని చెప్పాను. పొద్దున ఎన్నింటికి ల్యాబ్‌కు వెళ్లాలో, పరగడుపున వెళ్లాలా అని అడిగింది. దీనికి పరగడుపు అక్కర్లేదు, తినే వెళ్లండి అన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టిష్యూ టైపింగ్ టెక్నీషియన్